జలుబు అన్న మాట

"చంపింది మీరే! చలి కాదు, రోగం కాదు, మీరే!"

వదిన గొంతుకు కోళ్ల షెడ్డంతా ఉలిక్కిపడింది. షెడ్డు ఆమెదే, కొండ మీద అందరికీ ఆమె వదినే. కోడిపిల్లల్ని ఇచ్చి పెంపించుకునే కంపెనీ సూపర్‌వైజరు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె చేతిలో చచ్చిన కోడి. పొట్ట కుండలా ఉబ్బింది, తురాయి నీలం తిరిగింది.

కోళ్లు గురగురమంటున్నాయని ఫోను చేస్తే, ఈ పెద్దమనిషి చూడనైనా చూడకుండా "జలుబు" అన్నాడు. జలుబంటే ఎవరైనా ఏం చేస్తారు? పరదాలు దించారు, సందుల్లో గోనెసంచులు కుక్కారు. ఎంత మూస్తే అంత చచ్చాయి, ఎంత చస్తే అంత మూశారు. సంచులు కుక్కింది తన చేతులే. అందుకే ఆమెకు ఆ కడుపుమంట.

పశువుల డాక్టరైన సొంత మరిది, కోసిన కోడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇదిగో వదినా, ఊపిరితిత్తి. మనదానిలా ఉబ్బదు, ఎముకలకు అతుక్కుని ఉంటుంది. చుట్టూ ఉన్న గాలిసంచులు కొలిమితిత్తుల్లా ఊదుతాయి. పీల్చినా వదిలినా లోపలికి కొత్త గాలే. అందుకే బాతులు మంచుకొండల మీంచి ఎగిరిపోతాయి."

"విన్నావా అమ్మా? బాతులు కొండలే దాటుతుంటే, నీ కోళ్లకేం కొవ్వు?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఆ కొవ్వు మీరు పెంచిందేగా!"

"అదే తంటా," అన్నాడు మరిది. "ఒళ్లు పరుగున పెరిగే జాతిని తయారుచేశారు. ఊపిరితిత్తి మాత్రం పెరగలేదు. కొండగాలి అసలే పలచన, దాన్నీ మూసేశాం. గుండె నెత్తురు తోసితోసి వాచింది, నీరు పొట్టలోకి దిగింది. ఆ గురగుర జలుబు కాదు, ఊపిరాడని గోల."

"పరదాలెత్తితే చలికి బరువు తగ్గుతాయి. పైవాళ్లు ఒప్పుకోరు."

"బరువు కావాలా? తూకమేసుకో!" చచ్చిన కోడిని అతని బూట్ల మీదికి విసిరింది.

ఒక్క ఊపున గోనెసంచి పీకింది. చల్లగాలి దూసుకొచ్చింది. నోళ్లు తెరిచి ఒగరుస్తున్న కోళ్లు మెడలు అటు తిప్పాయి.

"బతుకుతాయా?"

"గుండె వాచినవి పోతాయి వదినా. మిగతావాటిని ఇప్పుడైనా కాపాడొచ్చు."

ఆమె సూపర్‌వైజరు వైపు తిరిగింది. "విన్నావుగా! ఆ కొసనున్న పరదా తాడు నువ్వు పట్టు. కొండ మీద ప్రతి షెడ్డులో ఇవాళే పరదాలెత్తించు. ఈ జాతి కోడిపిల్లను ఇంకొక్కటి కూడా కొండ మీదికి పంపొద్దని మీ పైవాళ్లకు ఫోను కొట్టు. గుడ్లప్పగించి చూస్తావేం? లాగు!"