చెప్పుకోని కబురు

ల్యాబులోని ఎలుకల గదిలో, వాటికి సూదిమందు వేస్తూండగానే పెద్దక్కకు పొత్తికడుపులో మెలిపెట్టినట్టయింది. బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగబట్టింది. ఎలుకలకిచ్చే మత్తుమందు ఆవిరి గదంతా కమ్మేసింది. దాన్ని బయటికి లాగే ఫ్యాను పాడై చాలాకాలమైంది. ఇంకా సగం బోనులు మిగిలాయి. ఈ పూట మందు పడకపోతే ప్రయోగం మళ్లీ మొదటికొస్తుంది.

డాక్టరేటు తరవాత ఆమెకిది మూడో ల్యాబు. అన్నిచోట్లా ఏడాది ఒప్పందమే. ‘మంచి అవకాశం’ అంటూ చేర్చుకున్నవాళ్లే ఏడాది తిరిగేసరికి ముఖం చాటేసేవారు. ఇక్కడ వయసులో పెద్దది కనక అందరికీ పెద్దక్క అయింది. పొడిగింపు కాగితం మీద ప్రొఫెసర్ సంతకం పడేదాకా నోరు విప్పకూడదని ఐదో నెల కడుపును వదులు కోటు కింద దాచుకుంది.

"ఒక్కమాట చెప్పెయ్యవే, ఆ గది పని తప్పిస్తారు" అని భర్త రోజూ పోరుపెట్టేవాడు.

"గది కాదు, నన్నే తప్పిస్తారు. సంతకం అవనీ."

మిగిలిన బోనులన్నీ పూర్తిచేసే బయటికొచ్చింది.

ఆసుపత్రిలో బిడ్డ దక్కలేదు. కారణం ఇదీ అని తేల్చలేమన్నారు. "చూస్తారా అమ్మా?" అని నర్సు అడిగితే ఆమె కళ్లు తెరవలేకపోయింది. భర్త చూశాడు.

ఇంటికొచ్చాక, గోడవైపు తిరిగి పడుకునే అడిగింది. "ఎలా ఉంది?"

అతను దుప్పటి ఆమె భుజం దాకా లాగాడు. "చెవులు నీవే" అన్నాడు.

ల్యాబుకు జ్వరమని కబురు పంపారు. నెలలు నిండకుండా పుట్టే పిల్లల్ని బతికించే మందు కోసమే ఆ ల్యాబు నడుస్తోంది.

ఆమె తిరిగి పనిలోకి వెళ్లిన రోజే, కొత్తగా చేరిన అమ్మాయి చేతులు కడుక్కునే చోట పక్కకు పిలిచింది. "అక్కా, మీకొక్కరికే చెప్తున్నా. నాకు మూడో నెల. సార్‌కి చెప్తే ఉంచుతారంటారా?"

పెద్దక్క ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. చేతి తొడుగులు విప్పి, నేరుగా ప్రొఫెసర్ గదికి నడిచింది.

"ఫ్యాను బాగయ్యేదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్లరు సార్. నేనూ వెళ్లను."

"ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేమొచ్చింది? నీ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉందమ్మా. జ్వరంతో నీరసపడ్డట్టున్నావు."

"జ్వరం కాదు సార్, కడుపు పోయింది. ఆడపిల్ల."

అతని చేతిలో పెన్ను ఆగింది. గడియారం వైపు చూశాడు. "అయ్యో... సరే, కూర్చుని మాట్లాడదాం. మందు వేళ దాటిపోతోంది. ముందు ఆ పని చూసిరా."

పెద్దక్క కదల్లేదు. గుమ్మం దగ్గర తచ్చాడుతున్న కొత్తమ్మాయి లోపలికొచ్చి ఆమె పక్కన నిలబడింది.