వేప్‌కీ వేపకీ మధ్య ఒక పొల్లు

జేబుల మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. చొక్కాకి ఒక్క జేబు చాలన్న వాళ్ళంటే ఆయనకు జాలి. "లోపల ఇంకోటి వేస్తాను, ఉంచుకోండి" అంటూ కుట్టేస్తాడు. ఆయన మాటల్లోని తీపికి ఎవరూ అడ్డు చెప్పలేదు గానీ, రక్తంలోని తీపికి డాక్టరు చెప్పాడు. షుగరని తేలిన రోజు నుంచి మాస్టారు చేదు ఎక్కడుంటే అక్కడ వాలిపోతున్నాడు. "చేదోడంటే ఏంటనుకున్నావే? చేదు తోడు!" అని భార్యకు కొత్త అర్థం కూడా చెప్పాడు.

మాస్టారి టైలరింగ్ షాపులో కటింగ్ పని అల్లుడిది. సిగరెట్లు మానేశాడని ఇల్లంతా అతణ్ణి ఆకాశానికెత్తుతోంది. పొగ పోయి పొగడ్త వచ్చిందన్నమాట! పొగ పోయిన మాట నిజమే. దాని స్థానంలో ఆవిరి వచ్చిందని మాత్రం ఎవరికీ తెలియదు. బట్టల మూటల చాటున నిలబడి, బ్యాటరీ గొట్టంలో వేప్ ద్రవం పోసుకుని, గుప్పుగుప్పున వదులుతుంటాడు. భార్య కంటపడకుండా సీసా మీది కాగితం గీకేసి, కుట్టు మిషన్ సొరుగులో దాచాడు. కాగితంతో పాటు దాని మీదున్న పుర్రె బొమ్మ కూడా పోయింది.

ఆ మధ్యాహ్నం అతను ఫోన్‌లో స్నేహితుడితో గుసగుసలాడాడు. "వేప్ జ్యూస్ అయిపోతోందిరా. సొరుగులో కొంచెమే ఉంది. ఇంకో సీసా పట్రా."

తడిక అవతల కాలర్ కుడుతున్న మాస్టారు ఆ ముక్క పొల్లు పోకుండా విన్నాననుకున్నాడు. పోయింది ఆ పొల్లే! వేప్ కాస్తా వేప అయి కూర్చుంది.

"ఓరి నా అల్లుడా! మామకి షుగరుంటే వేప రసం నువ్వొక్కడివే తాగుతున్నావా!"

అల్లుడు కొలతలు తీసుకురావడానికి బయటికి వెళ్ళగానే మాస్టారు సొరుగు లాగాడు. మూతలో సగానికి పోసుకున్నాడు. చేదుకి సిద్ధపడి, కళ్ళు గట్టిగా మూసుకుని, గుటుక్కుమనిపించాడు. తాను గుటుక్కుమనేంత పని చేశానని పాపం ఆయనకేం తెలుసు?

తీరా చూస్తే తియ్యగా ఉంది. మామిడిపండు వాసన!

"వేపకి మామిడి అంటు కట్టారేమో. చదువుకున్నవాళ్ళు ఏమైనా చేస్తారు" అనుకుంటూ మళ్ళీ మిషన్ తొక్కాడు.

అల్లుడు తిరిగొచ్చేసరికి మాస్టారు నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. కూతురు పక్కనే ఇస్త్రీ చేస్తోంది. భార్య గుండీలు కుడుతోంది.

"అల్లుడూ, నీ వేప జ్యూస్ కాస్త పుచ్చుకున్నానోయ్. గొంతు మండింది గానీ రుచి బావుంది."

అల్లుడి చేతిలోంచి టేపు జారింది. "ఏ... ఏ వేప మావయ్యా?"

"సొరుగులోది. దాచుకుంటే దొరకదనుకున్నావా?"

"వేప రసమా? మీకెందుకండీ అది?" అంది కూతురు, ఇస్త్రీ ఆపి మొగుడివైపు తిరిగి.

అల్లుడు పెళ్ళాన్ని చూశాడు, మామనీ చూశాడు. చెబితే కాపురంలో మంట. చెప్పకపోతే? మావయ్య ముఖం తెల్లబడుతోంది. నోట్లో ఊరే లాలాజలాన్ని మింగలేక తంటాలు పడుతున్నాడు. చేతివేళ్ళు వణుకుతున్నాయి.

"ఏంటోయ్, అసలు విషయం చెప్పవేం?"

"విషయం కాదు మావయ్యా, విషం! అది వేప కాదు, వేప్. సిగరెట్ బదులు నేను పీల్చేది. అందులో నికోటిన్ ఉంటుంది. తాగకూడదు!"

 మాస్టారి భార్య ముందు తేరుకుంది.

"ఉప్పునీళ్ళు తాగించి కక్కిద్దాం!"

"వద్దమ్మా, ఆగు!" కూతురు అప్పటికే అంబులెన్స్‌కి ఫోన్ కలిపింది. అవతలివాళ్ళ మాటలు వింటూనే గబగబా చెప్పింది. "బలవంతంగా కక్కించకూడదట. నోరు పుక్కిలించి ఉమ్మెయ్యి నాన్నా. ఏవండీ, ఆ సీసా జేబులో పెట్టుకోండి, డాక్టరుకి చూపించాలట. అందులో ఎంత నికోటిన్ ఉందో చెప్పగలరా, అదీ గీకేశారా?"

"గుర్తుంది" అన్నాడు అల్లుడు, నేలచూపులు చూస్తూ.

అంబులెన్స్‌లో మాస్టారు తనంతట తానే కక్కుకున్నాడు. ఆస్పత్రిలో గుండెకు తీగలు తగిలించారు. వాటిని చూసి ఆయన, "ఇన్ని దారాలు పెట్టి ఒక్క కుట్టూ వెయ్యలేదేం బాబూ?" అని నీరసంగా అడిగాడు. అప్పుడుగానీ కూతురికి ఊపిరాడలేదు.

సాయంత్రం డాక్టరు వచ్చి సీసా ఎత్తి చూపించాడు. "తాగింది తక్కువ. ఏం తాగారో వెంటనే చెప్పారు, అదృష్టం. ఇంట్లో పిల్లలుండి ఒక్క గుటక వేసుంటే ప్రాణం మీదికొచ్చేది. గుండె కొట్టుకోవడం సర్దుకుంది. ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

మాస్టారు అల్లుణ్ణి దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. "నిజం మింగకుండా కక్కేశావు. అందుకే బతికాను." తర్వాత కూతురివైపు తిరిగి, "వాణ్ణి ఏమీ అనకే" అన్నాడు.

"ఇక్కడ ఏమీ అనను నాన్నా" అంది ఆమె చాలా మెల్లగా, చిరునవ్వుతో. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుంటాం."

ఆ చిరునవ్వు చూసి అల్లుడు డాక్టరు వెనకే వరండాలోకి పరుగెత్తాడు.

"డాక్టర్ గారూ! మావయ్య మంచం ఖాళీ అవుతోంది కదా. నన్నొక నాలుగు రోజులు పరిశీలనలో పెట్టుకోరాదూ?"