పొర రేపిన పొరపొచ్చాలు

బావమరిది ముష్టియుద్ధం నేర్పే కోచ్. జీతం కూడా ముష్టే. ఆరు నెలల కిందట బరువుల స్టాండు మీద పడి కాలు చీలింది. గాయంలో క్రిములు కాపురం పెట్టాయి. చుట్టూ జిగురు పొర కట్టుకుని, ఏ మందు వచ్చినా గుమ్మంలోంచే తరిమేస్తున్నాయి. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మోకాలి కింద కోసేస్తానంది సర్జను. కాలం దగ్గరపడింది కాలికి. ఒక్క అవకాశం మాత్రం ఇచ్చింది: ప్రాణవాయువు తోడుంటే మందు ఆ పొరను చీలుస్తుందని బావ చూపిస్తే, కోత ఆపి, రోగిని ఇరవై రోజులు ఎక్కువ ఒత్తిడితో ప్రాణవాయువు నింపిన గదిలో పెడుతుంది.

ల్యాబులో ఇలాంటి పరీక్షలు చేయడమే బావ ఉద్యోగం. బొటనవేలంత రబ్బరు చిప్పు. అందులో వెంట్రుకంత సన్నటి కాలువలు నాలుగు. కాలువల్లో బావమరిది క్రిములు. పంపు మందునీళ్లు తోస్తుంటే, వాటి రబ్బరు పైకప్పు మీద గొట్టం ప్రాణవాయువును ఊదుతుంది. ఆ రబ్బరులోంచి నీరు దూరదు, గాలి దూరుతుంది. చిప్పులు పోతపోసేది అదే ల్యాబులో పనిచేసే అక్క. బావకు భార్య, రోగికి తోడబుట్టింది.

ఉదయం ఎనిమిదైంది. మైక్రోస్కోపు తెర మీద నాలుగు కాలువల్లోనూ పొర రాయిలా ఉంది. "ప్రయోజనం లేదు" అని బావ రిపోర్టు రాశాడు. అక్క ఏడుస్తూ తమ్ముడికి ఫోన్ చేసింది. అరగంటలో తలుపు వెళ్లి గోడకు కొట్టుకుంది.

"ఏం బావా, నా కాలికి నూకలు చెల్లాయని రాసేశావటగా?"

"రాసింది నేను కాదురా, నీ క్రిములు."

"మరి వాటి సంతకమేదీ?"

చంకకర్ర గాల్లో లేచింది. మొదటి దెబ్బకు బావ భుజం పటుక్కుమంది. రెండో దెబ్బ తప్పి మైక్రోస్కోపు బల్ల మీద పడింది. వాయువు గొట్టం ఊడిపోయింది. కర్ర చివరి ఇనుప మొన చిప్పును గీరుకుంటూ పోయింది.

"చిప్పురా! చిప్పు!"

"నీ చిప్ప పగలగొడతా ముందు!"

కాలు పోయేవాడే కాలు దువ్వుతుంటే కాళ్లున్నవాడు ఎంతసేపు ఓర్చుకుంటాడు? బావ స్టూలెత్తి సరిగ్గా కట్టు మీదే మోదాడు. గది అదిరేలా కేక. కట్టులోంచి నెత్తురు, చీము గచ్చు మీదికి చిమ్మాయి. బావమరిది కింద పడుతూనే బావ కాలర్ పట్టి లాగి, ఎడమచేత్తో ఒక్కటిచ్చాడు. ముక్కు పక్కకు తిరిగింది, పన్నొకటి సింకు కిందికి దొర్లింది. చెయ్యి చేసుకోవడంలో బావమరిది పట్టభద్రుడు. బావ కొరికాడు.

అక్క స్టీలు ట్రే తీసుకుని ఇద్దరి నెత్తినా సమానంగా వాయించింది. "కోసేది కాలే కదా, తలలు కూడా కోయించుకుంటారా సచ్చినోళ్లారా!"

బావమరిది పాక్కుంటూ వెళ్లి తలుపుకు వీపు ఆనించాడు. కర్ర అడ్డం పెట్టాడు. "ఆ రిపోర్టు బయటికెళ్లాలంటే నా శవం మీదుగా వెళ్లాలి. లేదా నీ శవం మీదుగా. నాకేదైనా ఒకటే."

రెండు గంటలు ఆ తలుపు తెరుచుకోలేదు. అక్క ఒకరి ముక్కులో దూది కుక్కి, ఇంకొకరి కాలికి గుడ్డ చుట్టింది. పంపు మాత్రం తన పని తను చేసుకుంటూనే ఉంది.

బావ వాచిన కంటితో తెరకేసి చూశాడు. ఒకటో కాలువలో పొర పెళ్లలు పెళ్లలుగా ఊడి కొట్టుకుపోతోంది. చచ్చిన క్రిములు గుట్టలుగా దొర్లుతున్నాయి. మిగతా మూడింటిలో ఏ మార్పూ లేదు. కర్ర మొన గీరింది ఒకటో కాలువ కప్పునే. అక్కడ రబ్బరు ఉల్లిపొరంత మిగిలింది.

"కప్పు ఎంత మందం పోశావే?" అన్నాడు నెమ్మదిగా.

అక్క మొహం పాలిపోయింది. "ఎప్పటికన్నా మూడింతలు. మా తమ్ముడివి కదా... పగిలిపోకూడదని."

ప్రేమతో పోసిన రబ్బరు ప్రాణవాయువుకే అడ్డుపడింది. గొట్టం ఊడిపోయినా, పలచబడ్డ చోట ఉత్త గది గాలికే పొర చచ్చింది.

"డాక్టరుకు పంపెయ్ మరి!" అన్నాడు బావమరిది.

"ఒక్కటి రుజువు కాదు."

"మళ్లీ కొట్టనా?"

"కొట్టు. అయినా కాదు."

బావమరిది పిడికిలి లేచింది, కిందికి దిగింది. అక్క బ్లేడు తీసుకుని మైక్రోస్కోపు కింద మిగతా మూడు కప్పులూ చెక్కింది. చెయ్యి తెగినా ఆపలేదు. కళ్ల నీళ్లు మాత్రం చిప్పు మీద పడకుండా మధ్యమధ్యలో మొహం పక్కకు తిప్పుకుంది.

ఒంటిగంటన్నరకు మూడింట్లో రెండు కాలువలు ఖాళీ అయ్యాయి. బావ స్పీకరు పెట్టి సర్జనుకు ఫోన్ చేశాడు.

"నాలుగింట్లో మూడు పోయాయి డాక్టరుగారూ. అదీ ఉత్త గాలికే."

"నాలుగోది?"

బావమరిది బావ మొహంలోకి చూశాడు. ఈయన ఇప్పుడు అబద్ధమాడితే బాగుండునన్నట్టు.

"కదల్లేదండి. చెక్కడం సరిపోలేదో, క్రిమే గట్టిదో, తెలీదు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఇరవై రోజులు గదిలో పెడతాను. ఎముకలోకి పాకిందంటే మాత్రం ఆ రోజే కోస్తాను. వెంటనే తీసుకురండి. అవునూ, మీ గొంతేంటి అలా ఉంది?"

"ముక్కు విరిగిందండి."

"ఎలా?"

"రోగి ఆరోగ్యంగానే ఉన్నాడండి" అన్నాడు బావ.

బావమరిది లేవబోయి కూలబడ్డాడు. స్టూలు దెబ్బకు కట్టు మళ్లీ ఎర్రగా తడిసింది. బావ మంచి భుజం అందించాడు. "మెడ పట్టుకోరా. పిసక్కు."