మూఢం వెళ్ళేదాకా

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. తర్వాత ఎవరో చెప్పగా తెలిసి మీరు నవ్వుకోవడం కంటే అదే నయం. నేను ఒక స్పోర్ట్స్ కారుని, కానీ నా బతుకులో ఎక్కువ భాగం మనుషులు నడిచే వేగంతోనే గడిచింది. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముక్కు పొడుగు. నిలబడి ఉన్నప్పుడు కూడా ఎక్కడికో ఉరుకుతున్నట్టే కనిపిస్తాను. అలాంటి నా ముందు బ్యాండు మేళం వాళ్ళు నడిచేవాళ్ళు. అదీ నా వైపు తిరిగి, వెనక్కి అడుగులేస్తూ, క్లారినెట్ వాయిస్తూ. వాళ్ళని కూడా ఏనాడూ దాటలేకపోయాను.

పుట్టింది ఇంగ్లండులో, ఏడాదంతా వాన కురిసే ఒక ఊళ్ళో. పైకప్పు లేని కారు చేయాలన్న ఆలోచన అలాంటి చోట ఎలా వచ్చిందో మనుషులనే అడగాలి. మాదేం గొప్ప వంశం కాదు. వేరే కార్లకి చేసిన ఇంజనూ, ఇంకెవరివో స్ప్రింగులూ పోగేసి, పైన అందమైన రేకు తొడిగారు. నెల జీతం మీద బతికే కుర్రాళ్ళు కూడా కొనుక్కోగలగాలని చవకగా చేశారు. ఓడల కంపెనీలో పనిచేసే ఒక దొర నన్ను కాకినాడ రేవులో దింపుకున్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు భార్యని, కుక్కని తీసుకెళ్ళాడు. నన్ను వదిలేశాడు. తర్వాత ఒక డాక్టరు గారు కొన్నారు. సాయంత్రాలు ఆయనా, భార్యా నాలో షికారు తిరిగేవాళ్ళు. వాళ్ళకి పాప పుట్టింది. మూడో మనిషి పుడితే నాలాంటి వాళ్ళకి ఆ ఇంట్లో చోటుండదు.

అలా చేతులు మారి, బ్యాండు మేళం నడిపే దొరబాబు అనే అతని దగ్గర తేలాను. పైకప్పు లేని కారు కాకినాడలో దేనికి పనికొస్తుందో అతను చూడగానే కనిపెట్టాడు. పెళ్ళి ఊరేగింపుకి. సీట్లలో కూర్చోబెడితే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ జనానికి కనిపించరు కదా, అందుకని నా వెనక రేకు మీద పరుపు వేసి దానిమీద కూర్చోబెట్టేవాడు. కింద ఒక సీట్లో డ్రైవరు, రెండో సీట్లో లైట్ల బ్యాటరీ. ఒంటికి ఎర్ర రంగు, దానిమీద బంగారు రంగు, మళ్ళీ దానిమీద ఎర్ర రంగు. జంటల బరువుకి నా వీపు సొట్టపోయింది. ఫస్టు గేర్లో సగం క్లచ్చు మీద ఈడ్చి ఈడ్చి నా క్లచ్చు ప్లేటు మాడిపోయింది. వాళ్ళు పైన కూర్చుని ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసు. ప్రేమ మాటలేం కావు. "షూ కరుస్తోంది." "ఇంకా ఎంత దూరం?" "మీ బావని ఆ డాన్స్ ఆపమనవా?"

గురుడో శుక్రుడో సూర్యుడి పక్కకి పోయి కనిపించకుండా పోతే ఆ రోజుల్ని మూఢం అంటారు. అప్పుడు పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, ఎవరూ కొత్త బండి ఎక్కరు. నాకు మాత్రం అవే సెలవులు. షెడ్డులో పడుకునేదాన్ని.

నా గురించి మాట్లాడిన పెళ్ళికొడుకు ఒక్కడే. పేరు శ్రీకర్, పాలిటెక్నిక్‌లో లెక్చరరు. పెళ్ళికూతురు హిమజ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెకి సెలవు దొరికిన వారం, కళ్యాణ మండపం ఖాళీగా ఉన్న రోజు చూసుకుని పెళ్ళి పెట్టేసుకున్నారు. ఆ ముహూర్తం అంత బలంగా లేదు, వచ్చే నెల చేద్దాం అని శ్రీకర్ వాళ్ళ అమ్మ సత్యవేణి గారు ఎంత చెప్పినా వినలేదు. ఇదంతా ఊరేగింపులో నా పక్కన నడిచిన చుట్టాలు గొణుక్కుంటుంటే విన్నాను. శ్రీకర్ మాత్రం పరుపు మీద నుంచి వంగి నా రేకు మీద చెయ్యి వేశాడు.

"హిమా, దీన్నిలా ఈడ్పించడం అన్యాయం కదూ?"

"ముందు నీ బాసికం సర్దుకో, జారిపోతోంది."

"దీన్ని మనం కొనేద్దాం. ఉప్పాడ బీచ్ రోడ్డు మీద ఒక్కసారి సరిగ్గా తోలాలి."

"పెళ్ళై పూట కాలేదు, అప్పుడే రెండో సంబంధమా?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకి నా వీపు కాస్త అదిరింది. ఆ తర్వాత కూడా శ్రీకర్ ఆదివారాలు షెడ్డుకి వచ్చి నా బానెట్ ఎత్తి చూసి పోతుండేవాడు. కొన్నాళ్ళకి రావడం మానేశాడు. మనుషులంతేలే అనుకున్నాను.

ఎందుకు మానేశాడో ఒక కార్తీకమాసపు పొద్దున హిమజ ఒక్కతే షెడ్డుకి వచ్చినప్పుడు తెలిసింది. అతనికి రక్తంలో జబ్బట. విశాఖపట్నంలో వైద్యం, ఇల్లు, మళ్ళీ వైద్యం. చివరికి డాక్టర్లు, ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోండి, అడిగినవి చేసిపెట్టండి అన్నారట. అతను అడిగింది నన్ను.

దొరబాబు అబద్ధాలాడడు. నిజాలకే పువ్వులు కట్టి చెబుతాడు.

"బంగారంలాటి బండండి. ఒక్క రివర్సు గేరే పడదండి. ఊరేగింపు ఎనక్కెల్లదు కదండీ, మేం పట్టించుకోలేదు."

"బ్రేకులు?" అంది హిమజ.

"నడిచే స్పీడుకి బ్రేకెందుకండి? గేరు తీసేత్తే అదే ఆగుద్దండి."

"మరి పైకప్పు?"

"అదుంటే పెళ్ళికొడుకు ఎవరికి కనపడతాడమ్మా?"

హిమజ నవ్వబోయి ఆగిపోయింది. బేరానికి సిద్ధపడే వచ్చింది పాపం, ఇంటర్నెట్టులో నాలాంటి వాళ్ళ ధరలన్నీ చూసుకుని మరీ. దొరబాబు ఆ అవకాశం ఇవ్వలేదు. "బాబుగారికేనాండీ?" అని అడిగాడు. ఆమె తలూపింది. అతను నా అద్దానికి వేలాడుతున్న ప్లాస్టిక్ బంతిపూల దండ తీసి చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"మీకెంత తోత్తే అంతివ్వండమ్మా. శుక్రమూఢం వచ్చేత్తంది. ఈలోపు మంచిరోజు సూసి తీస్కెల్లిపోండి."

ఆ మంచిరోజునే నన్ను తాడు కట్టి ఇంటికి లాక్కెళ్ళారు. సత్యవేణి గారు పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నా వెనక పొగ లేదు, ఇంజను చప్పుడు లేదు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇది నడవదా?"

"బాగుచేస్తాను అత్తయ్యా. కొంచెం టైం పడుతుంది."

"నడవని బండితో నిమ్మకాయలెలా తొక్కిస్తామే? నడిచిన రోజే చేయిద్దాంలే పూజ" అని పళ్ళెం లోపలికి తీసుకెళ్ళిపోయారు.

నన్ను గేటు లోపలికి లాగారు. తాడుతో లాగినా చక్రాలు చక్రాలే కదా, తిరిగాయి. వాటి కింద నాలుగు నిమ్మకాయలు పెడితే సరిపోయేదని ఆ పూట ఎవరికీ తోచలేదు. ఇంజనీరింగు చదివిన ఇద్దరికీ తోచలేదు. నాకు తోచింది గానీ నా హారను కూడా పనిచేయదు.

అక్కణ్ణుంచి హిమజ పని మొదలైంది. పొద్దున్నే ల్యాప్‌టాప్‌లో ఆఫీసు, మీటింగుల మధ్య నా కింద దూరడం. వీడియోలు చూసి కార్బురేటరు విప్పింది, మిగిలిపోయిన స్క్రూ చూసి ఏడ్చింది, మళ్ళీ విప్పింది. క్లచ్చు ప్లేటు, బ్రేకుల సామాను ఎక్కడో దూరదేశం నుంచి తెప్పించింది. రంగు గీకుతుంటే ఎరుపు కింద బంగారం, దాని కింద ఎరుపు, అట్టడుగున నేను పుట్టినప్పటి ఆకుపచ్చ బయటపడింది. శ్రీకర్ పోర్టికోలో కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, ఏ బోల్టు ఎటు తిప్పాలో చెబుతుండేవాడు. చాలాసార్లు తప్పే చెప్పేవాడు. ఆమె సరిగ్గానే తిప్పి "నువ్వు చెప్పినట్టే చేశా" అనేది.

నేను మళ్ళీ ఊపిరి తీసుకున్న పొద్దున వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. శ్రీకర్ లేచి నిలబడ్డాడు. చెప్పులేసుకున్నాడు.

"పద హిమా, ఉప్పాడ."

సత్యవేణి గారు తలుపు దగ్గరికి వచ్చారు. "మూఢంరా" అన్నారు.

"బండి కొత్తది కాదు కదత్తయ్యా. మీకంటే పెద్దది" అంది హిమజ.

"మనకి కొత్తదే కదే. పూజ కూడా అవలేదు."

"అమ్మా, నా జబ్బు మూఢం చూసుకుని వచ్చిందా?" అన్నాడు శ్రీకర్ నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. కోడలి వైపు తిరిగి, చాలా మెల్లగా అన్నారు. "ఒక్క మంచిరోజు చూసుకుని వెళ్ళండి. నేనింకేం అడగను."

'పెళ్ళప్పుడు నా మాట వినలేదు' అని ఆవిడ అనలేదు. ఏనాడూ అనలేదు. అనుంటే హిమజ వాదించి గెలిచేది. అనకపోవడం వల్లే, జబ్బు బయటపడిన రోజు నుంచి ఆ మాట హిమజలోనే మొలిచి కూర్చుంది. నమ్మదు. కానీ దారిలో ఏదైనా జరిగితే? స్టీరింగు మీద నుంచి ఆమె ఒక చెయ్యి తీసింది. తాళం తిప్పి నన్ను ఆపేసింది.

"మూఢం వెళ్ళాకే వెళ్దాం శ్రీ. డాక్టరు గారు కూడా కాస్త బలం పుంజుకున్నావన్నారుగా."

శ్రీకర్ వాదించలేదు. తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూసి, "సరే, కదలకుండా కూర్చోవడానికి మూఢం అడ్డం రాదు కదా?" అంటూ డ్రైవరు సీట్లోకి దిగాడు. హిమజ అప్పటికే పక్క సీట్లోకి జరిగింది.

అప్పటినుంచి రోజూ పొద్దెక్కి ఎండ పడే వేళకి మా ప్రయాణం. నేను పోర్టికోలో, ఇంజను ఆన్‌లో, హ్యాండ్ బ్రేకు మీద. అతను క్లచ్చు తొక్కిపట్టి గేర్లు మారుస్తూ దారి చెప్పేవాడు. "రేవు దాటాం. కుడివైపు చూడు, సముద్రం. ముందు గేదె, గేదె! హారన్ కొట్టు." హిమజ నోటితో హారన్ కొట్టేది. నేనెప్పుడూ పోనంత దూరాలు అక్కడ నిలబడే పోయాను. మెట్ల మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ సత్యవేణి గారు ముందు వినిపించనట్టుండేవారు. ఒకరోజు ఆగలేకపోయారు.

"ఉప్పాడ వచ్చిందా?"

"వచ్చేశాం అమ్మా."

"అయితే దిగి నాకో చీర తెండి. నీలంది. జరీ మరీ ఎక్కువొద్దు."

"ఈ బండిలో మూడో సామాను పట్టదమ్మా."

"ఒళ్ళో పెట్టుకోమను దాన్ని."

ఆ నవ్వులు నా ఇంజను చప్పుడులో కలిసిపోయేవి. ఆ రోజుల్లో ముగ్గురూ బాగున్నారని నాకు గట్టిగా అనిపించేది. అందుకే ఎవరూ పంచాంగం వైపు మళ్ళీ చూడలేదు.

తర్వాత్తర్వాత అతను సీట్లోకి దిగడానికి హిమజ భుజం కావాల్సి వచ్చింది. ఆ తర్వాత కుర్చీ దాకానే వచ్చేవాడు. ఆ తర్వాత కిటికీ దాకా. మాఘమాసంలో, మూఢం ఇంకా వెళ్ళకముందే, ఒక మధ్యాహ్నం లోపలినుంచి సత్యవేణి గారి కేక వినిపించింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. వైకుంఠ రథం వచ్చింది. పోర్టికోలో నేను అడ్డమని నలుగురు కలిసి నన్ను గోడ వారకి నెట్టారు. నా చక్రాలు అలా తిరిగాయి.

మూఢం వెళ్ళిపోయింది. సత్యవేణి గారు ఎప్పుడో గుర్తు పెట్టించుకున్న మొదటి మంచిరోజు రానే వచ్చింది. కానీ కర్మ ఇంకా అవలేదు. ఇల్లంతా మైల, ఆ ఇంటివాళ్ళు గడప దాటకూడదు. లోపల చుట్టాలు కాఫీ తాగుతున్నారు. సత్యవేణి గారు చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చి, నా తలుపు ఎలా తెరవాలో తెలీక దానిమీంచే కాలు వేసి లోపలికి దిగారు. ఎడమ సీట్లో కూర్చుని, "హిమా" అని పిలిచారు.

హిమజ వచ్చి చూసి నిలబడిపోయింది.

"తియ్యి బండి."

"మైల కదత్తయ్యా."

"తెలుసు."

గుమ్మంలోంచి సత్యవేణి గారి ఆడపడుచు తొంగి చూసింది. "ఎక్కడికి వదినా, మైల్లో? ఊరేమనుకుంటుంది?"

"మా మైల, మా బండి. నువ్వు కాఫీ తాగు" అన్నారు సత్యవేణి గారు, అటు తిరక్కుండానే.

వెళ్ళాం. ఆ రోడ్డుని సముద్రం ఏటా కొరుకుతూనే ఉంటుంది. అలలు విసిరిన రాళ్ళు దారినిండా పడి ఉన్నాయి, హిమజ వాటిని తప్పించుకుంటూ తోలింది. ఆటోలు మమ్మల్ని దాటిపోయాయి. ఒక ఆటోవాడు వెనక్కి తిరిగి ఇద్దరినీ చూసి మళ్ళీ ముందుకి తిరిగాడు. సత్యవేణి గారి కొంగు ఎగిరి నా వీపు మీద పడింది. ఆవిడ దాన్ని సర్దుకోలేదు. రోడ్డు సగం తెగిపోయిన చోట హిమజ నన్ను ఆపింది. ఇంజను ఆపగానే సముద్రం చప్పుడు ఒక్కటే మిగిలింది.

సత్యవేణి గారు సీటు అంచు తడుముతూ అడిగారు. "వాడు కూర్చునేది అటేపేగా?"

"అవును. మీ అబ్బాయి తోలుదామనుకున్నాడు. నేను అటు."

"అయితే నీ సీట్లో కూర్చున్నానన్నమాట."

ఆవిడ చెయ్యి చాపి, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు ముందు నా డాష్‌బోర్డు మీద పెట్టి, తర్వాత గేరు మీదున్న హిమజ చేతి మీద పెట్టారు. "ఆ పూట వెళ్ళనివ్వాల్సింది" అన్నారు. హిమజ తల స్టీరింగు మీద ఆనించింది. "నేను తియ్యాల్సింది అత్తయ్యా" అంది. ఆ ఇద్దరిలో ఎవరిది తప్పో నేను తేల్చలేను.

ఇంటికొచ్చి ఇద్దరూ తలమీంచి నీళ్ళు పోసుకున్నారు. నా మీద కూడా నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించారు.

హిమజ నన్ను అమ్మలేదు. కవరు కప్పుకుని అదే పోర్టికోలో ఉంటున్నాను. ఊరేగింపులకి పోయేదాన్ని కదా, వినడం అలవాటు. ఈ ఇంట్లో ఇప్పుడు వినడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లోనూ మంచిరోజు కోసం ఆపిన పని ఒకటి ఉండే ఉంటుంది. బయటివాళ్ళకి చెప్పుకోలేకపోతే నాకు చెప్పండి. నేనెక్కడా అనను, అన్నా కారు మాట కాబట్టి నమ్మేవాళ్ళు లేరు. దేనికోసం ఆగారు? తీరా ఆ రోజు వచ్చేసరికి మీ పక్కన ఎవరున్నారు?