ఆగాల్సిన చోట ఆగలేదు

...అయినా, ఏమీ మార్చనివాడు మార్చలేదని అంత తొందరగా ఎందుకు చెప్పాలి? అడగకముందే జవాబు సిద్ధం చేసుకున్నట్టు? అతను పక్క బల్ల దగ్గర కూర్చున్న బావమరిదిని ఓరకంట చూశాడు. వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాలు ఊపుతున్నాడు. తప్పు చేసినవాడు అలా ఊపుతాడా? ఊపుతాడేమో, చెయ్యనట్టు కనబడడానికి.

కొత్త వెర్షన్ జనం ఫోన్లలోకి వెళ్లినప్పటినుంచి, ఫొటో తెరవగానే తమ కంపెనీ యాప్ కుప్పకూలుతోంది. ప్రతి క్రాష్ రిపోర్టూ ఒకే ఫంక్షన్ పేరు చెబుతోంది. ఫొటోను పక్కకు తిప్పే ఆ సి ప్లస్ ప్లస్ కోడు ముక్క బావమరిది రాసింది. తప్పెవరిదో సాయంత్రంలోగా రాసి పంపమన్నాడు మేనేజరు. ఆ మనిషిని ఈ పనిలోంచి తీసేస్తాడట. వాణ్ణి ఈ ఆఫీసులో పెట్టించింది తనే. వాడు మీ కళ్లముందుంటే నాకు దిగులుండదని భార్య ఎన్నోసార్లు అంది. అయినా తప్పు వాడిదేనని మేనేజరుకు సందేశం పొద్దున్నే రాసి పెట్టుకున్నాడు. వాడికి కనబడకుండా మానిటర్‌ను గోడవైపు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం వాడే కుర్చీ లాక్కుని వచ్చాడు.

"ఏంటి బావా, పొద్దుట్నుంచీ పోలీసోడిలా చూస్తున్నావ్?"

"నీ ఫంక్షన్లో ఏం మార్చావ్‌రా?"

"ఏం మార్చలేదన్నాగా. నమ్మకపోతే అక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టి చూడు. దొరికితే నువ్వే పట్టుకెళ్లి అక్కకి అప్పజెప్పు."

ఆ ధీమా కూడా అతనికి అనుమానంగానే తోచింది. వాడు వెళ్లాక ఫోన్‌కు కేబుల్ పెట్టి, తప్పులు వెతికే డీబగ్గర్ తగిలించి, ఆ ఫంక్షన్ మొదటి వరుసలో బ్రేక్‌పాయింట్ పెట్టాడు. అక్కడికి రాగానే యాప్ ఆగి తీరాలి. ఫొటో తెరిచాడు. ఆగకుండానే కూలింది. మళ్లీ తెరిచాడు, మళ్లీ అంతే. బావమరిది ఫంక్షన్ గడప తొక్కకుండానే యాప్ చస్తోంది.

మరి రిపోర్టులో వాడి ఫంక్షన్ పేరెలా వచ్చింది? ఫోన్ పంపేది ఉత్త అంకెలే. ఏ అంకె ఏ ఫంక్షనో చెప్పేది, కోడును యాప్‌గా మార్చే ప్రతి బిల్డుతోపాటు పుట్టే సింబల్ ఫైలు. ఏ బిల్డుకు ఆ బిల్డు ఫైలే పనికొస్తుంది. విడుదలయ్యాక చిన్న సవరణ చేసి మళ్లీ బిల్డు చేసింది తనే. పాత ఫైలు చెరిగిపోయి కొత్తది మిగిలితే, రిపోర్టులకు దాన్నే జతచేశాడు. రెండూ కలవడం లేదన్న హెచ్చరికను, ఏముందిలే అని దాటేశాడు.

అసలు కూలుతున్న చోటును డీబగ్గర్ ఇందాకటి నుంచీ చూపిస్తూనే ఉంది. బావమరిది దొరుకుతాడని కాచుకున్న కళ్లకు అది ఆనలేదు. అక్కడ, పనైపోయిందని వదిలేసిన మెమరీని యాప్ మళ్లీ చదవబోతోంది. ఆ ఫంక్షన్ రాసింది తను.

వీడికి ఇదంతా ముందే తెలుసేమో, అందుకే అంత ధీమానేమో అని మనసు ఇంకా గొణుగుతూనే ఉంది. సందేశంలో బావమరిది పేరు కొట్టేసి తన పేరు రాసి పంపేశాడు. తర్వాత మానిటర్‌ను రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా వాడివైపు తిప్పాడు.