రేణుకమ్మ పాస్‌బుక్కు

బోధన్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న మా ఊళ్లో 1961లో మహిళా మండలి పెట్టారు. నెలకు పావలా చందా. కోశాధికారిగా రేణుకమ్మను ఎన్నుకున్నారు. ఆమె చేతికి అందిన పైసా పోస్టాఫీసు పాస్‌బుక్కులోకే తప్ప మరెక్కడికీ పోదని ఊరు తెలుసుకోవడానికి ఏడాది పట్టలేదు.

కూర్చోవడానికి జంపఖానా కొందామంటే, ఎవరి గోనెసంచి వాళ్లు తెచ్చుకోమంది. జిల్లా నుంచి ఆఫీసరమ్మ వస్తే, చుట్టూ చెరుకు తోటలున్న ఊళ్లో చక్కెర లేని చాయ్ పోయించింది. ఆమెకు చక్కెర జబ్బేమో అనుకున్నానని తర్వాత సర్దిచెప్పుకుంది.

అధ్యక్షురాలు సుమిత్రమ్మ కుట్టుమిషను కోసం నాలుగేళ్లు పోరింది. మిషను కొంటే సూదులు, దారం, నూనె కూడా కొనాలి కదా అని రేణుకమ్మ నాలుగేళ్లూ ఒకటే జవాబు చెప్పింది.

"పైసలను పొదుగవెట్టినవా అక్కా?" అని సుమిత్రమ్మ ఒకసారి అందరి ముందూ అడిగింది. రేణుకమ్మ నవ్వింది.

1972లో వానలు పడలేదు. చెరుకు మోకాలెత్తు దాటలేదు. కూలివాళ్లకు పనే లేకపోయింది. రెండు మీటింగులకు రాని పెంటవ్వ ఒక పొద్దున రేణుకమ్మ ఇంటికి వచ్చి, చందా కట్టలేను, నా పేరు కొట్టేయమంది. ఇంట్లో ఏం వండావని రేణుకమ్మ అడిగింది. పెంటవ్వ గడపలో చతికిలబడి, కాసేపటికి లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే రేణుకమ్మ డబ్బు తీసే కాగితం పట్టుకుని సుమిత్రమ్మ దగ్గరికి పోయింది. దాని మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఎనిమిది వందల చిల్లర అని చదివాక సుమిత్రమ్మ చెయ్యి ఆగింది.

"అంతా ఒక్కపారే తీస్తవా అక్కా? పదకొండేండ్ల పైసలు. సగమన్న ఉంచుదాం."

"దేనికి?"

"ముందుముందు అక్కెరకస్తయ్ గదా."

"గీ మాట నేను జెప్తే పిసినారి అన్నవ్," అంది రేణుకమ్మ. "గా అక్కెర ఇయ్యాల పొద్దుగాల మా గడపల కూసుండి పోయింది. సంతకం వెట్టు."

మూడో రోజు బోధన్ నుంచి బండి మీద జొన్న బస్తాలు వచ్చాయి. కూలి చేసుకునే పదహారు ఇళ్లకూ రేణుకమ్మ తనే కొలిచి పోసింది. తట్ట పట్టుకొచ్చిన పెంటవ్వ, ఆరు నెలల చందా బాకీ ఉన్నానని సిగ్గుపడింది.

"ఉన్నవ్. వానలు వడ్డంక కట్టు," అంటూ రేణుకమ్మ ఇంకో మానెడు పోసింది.

పాస్‌బుక్కులో పద్నాలుగు రూపాయలు మిగిలాయి. మరుసటి ఏడు వానలు పడ్డాక, ఇక తనవల్ల కాదని రేణుకమ్మ దాన్ని సుమిత్రమ్మకు అప్పగించింది. సుమిత్రమ్మ ఇల్లిల్లూ తిరిగి వసూలు మొదలుపెట్టింది. ఆమె గొంతు వినగానే కొందరు పెరటి దారిన చేనికి పోయేవారు. పెంటవ్వ మాత్రం ఎదురెళ్లి ఆ పాత బాకీ రూపాయిన్నర ఒక్కసారే కట్టి, రసీదు అడిగి మరీ తీసుకుంది.