అతుకులక్క

అతుకులక్క ఎడమచేతి బొటనవేలి గోటిని టేపు అంచు చిల్లుల మీదుగా నడిపింది. పాత రీలు తోక, కొత్త రీలు తల. చిల్లులు గోటికి ఒకే వరుసలో తగిలాక, రీళ్ళ బండి అంచున ముందే కత్తిరించి అంటించుకున్న పసుపు జిగురు ముక్కల్లోంచి ఒకటి ఊడదీసి అతుకు వేసింది. యంత్రం ఆగలేదు. దాన్ని ఆగనివ్వకపోవడమే ఆమె ఉద్యోగం.

ఆవగింజలో సగం ఉండే ఎలక్ట్రానిక్ భాగాలు ఆ టేపు గళ్ళలో కూర్చుని వస్తాయి. యంత్రం వాటిని ముక్కుతో పీల్చి, కన్ను మూసి తెరిచేలోగా ఆకుపచ్చ బోర్డు మీద పెడుతుంది. రీలు అయిపోయేలోగా ఇంకోటి అతకాలి. లేకపోతే యంత్రం నోరు తెరుచుకుని నిలబడుతుంది, సూపర్‌వైజరు వస్తాడు.

మొన్న వచ్చినప్పుడు ఆయన అరవలేదు.

"ఇంకొక్కసారి నీ దగ్గర ఆగిందంటే నేనేం చెయ్యలేనక్కా" అన్నాడు. అరిచినా బాగుండేది.

అతుకులక్కకు కంటి వెనక నరం ఎండిపోతోందట, అద్దాలకు లొంగేది కాదట. అది ఇంట్లో మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. రాత్రి కాపలా ముగించుకుని పొద్దున ఇంటికొచ్చిన ఆయనే ఆమె మెడలో ఫ్యాక్టరీ కార్డు వేస్తూ అన్నాడు.

"చెప్పెయ్యవే. కూర్చుని చేసే పనేదైనా ఇస్తారేమో."

"ఇస్తారు. ఇంట్లో కూర్చోబెడతారు."

అతికే ముందు పాత రీలు లేబులూ కొత్త రీలు లేబులూ స్కానరుకు చూపించాలి. రెండూ ఒకటేనని అది కూస్తుంది. కొత్త లేబులు కంటికి ఆనకపోతే ఆమె పాతదాన్నే రెండుసార్లు చూపించేది. తొందరలో అందరూ చేసేదే. బండిలో రీళ్ళు సర్దుకునేది తనే కాబట్టి ఇన్నాళ్ళూ తేడా రాలేదు.

ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు, పక్క లైనులో పనిచేసే, అందరూ వదిన అని పిలిచే ఆవిడ తన రీలు కోసం వెతుకుతూ ఆ రీళ్ళ వరస తారుమారు చేసేసింది.

వచ్చీ రాగానే అతుకులక్క పాత లేబులే రెండుసార్లు చూపించి ఒక అతుకు వేసింది. కత్తిరించిన కొత్త టేపు కొస చేతిలోనే ఉండిపోయింది. ఊరికే గోటితో నిమిరింది. గళ్ళు ఎప్పటికంటే లోతుగా తగిలాయి.

ఇది ఆ రీలు కాదు.

అతుకు యంత్రం నోటి దగ్గరికి జరుగుతోంది. చింపి మళ్ళీ అతికే వ్యవధి లేదు. ఆమె గోడవైపు తిరిగి, చేత్తో తడిమి తడిమి, లైను ఆపే ఎర్ర మీట దొరకగానే నొక్కేసింది.

లైను మొత్తం నిశ్శబ్దమైపోయింది.

"ఎంత పని చేశావక్కా!" వదిన పరుగెత్తుకొచ్చింది. "ఊరుకుంటే తర్వాత పరీక్షలో ఎవరో పట్టుకునేవాళ్ళు. ఎవరి అతుకో ఎవడికి తెలుస్తుంది?"

"అదీ నిజమే" అంది అతుకులక్క.

ఒక్క బోర్డూ చెడలేదు. సూపర్‌వైజరు వచ్చాడు గానీ ఆ మాట అనలేదు. ఆమె గోడను తడమడం ఆయన చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

ఆమె చేతిలోని టేపు కొసను బండి మీద పెట్టింది.

"కార్డు ఇచ్చెయ్యక్కా."

మెడలోంచి తీస్తుంటే దాని తాడు జుట్టులో చిక్కుకుంది. ఆయనే విడిపించాడు.

గేటు దాటకముందే వెనక యంత్రం చప్పుడు మొదలైంది. ఆమె చోట వదిన నిలబడి రీళ్ళు సర్దుకుంటోంది. బండి అంచున, సాయంత్రందాకా సరిపోయేలా కత్తిరించి పెట్టుకున్న పసుపు ముక్కలు వరసగా వేలాడుతూ, ఫ్యాను గాలికి ఆడుతున్నాయి.